టీషర్టు మీద బొమ్మ ఎవరిది?

విజయవాడ ఏలూరు రోడ్డుకి కాగితాల మీద ఉన్న పేరు కారల్ మార్క్స్ రోడ్డు. దాన్నుంచి బందరు రోడ్డుకి తీసుకెళ్ళే బీసెంట్ రోడ్డుకి అనిబిసెంట్ పేరు. అక్కడ బట్టల బండ్ల మీద హ్యాంగర్లకి వేలాడుతూ క్యూబా విప్లవ నాయకుడు చే గువేరా కనిపిస్తాడు. నల్ల టీషర్టు, తల మీద చుక్క టోపీ, ఎటో దూరంగా చూస్తున్న కళ్ళు. మార్క్స్ రోడ్డు పక్కన ఆయన ఉండటం సబబే అనుకోండి. కొనే కుర్రాళ్ళలో కొందరికి ఆయనెవరో తెలుసు, కొందరు పవన్ కళ్యాణ్ నోట ఆ పేరు విని కొంటారు, ఇంకొందరికి గడ్డం స్టైల్‌గా ఉంది, అంతే. ఎవరిష్టం వాళ్ళది. నా ప్రశ్న డబ్బు గురించి. ఆ రెండు మూడొందల్లో బట్ట నేసినవాళ్ళకి కొంత, కుట్టినవాళ్ళకి కొంత, అచ్చేసినవాళ్ళకి కొంత, బండి వాడికి కొంత పోతుంది. బొమ్మ వాడికి ఎంత? ఏమీ లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే చట్టం ఒక్కటే చాలదు, ఆ బొమ్మ బట్ట మీదకి ఎలా ఎక్కుతుందో కూడా చెప్పాలి. ఈ రెండిట్నీ కలిపి చూడకపోవడం వల్లే ఈ విషయం ఇంత చిక్కుగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

ముందు చే సంగతి. 1960 మార్చి 4న హవానా రేవులో లా కూబ్ర్ అనే ఓడ పేలిపోయి చాలామంది చనిపోయారు. మర్నాడు సంతాప సభ జరిగింది. అక్కడికి పత్రిక తరఫున వెళ్ళిన అల్బెర్టో కోర్డా అనే ఫొటోగ్రాఫర్‌కి చే వేదిక మీద కాసేపే కనిపించాడు, ఆ కాసేపట్లోనే ఫొటో తీశాడు. పత్రిక వాళ్ళు ఆ ఫొటో వేసుకోలేదు. కోర్డాకి మాత్రం నచ్చింది, పక్కన ఉన్న మనిషినీ చెట్టునీ కత్తిరించి తన స్టూడియో గోడకి తగిలించుకున్నాడు. 1967లో ఫెల్ట్రినెల్లి అనే ఇటలీ ప్రచురణకర్త వచ్చి అడిగితే ప్రింట్లు ఊరికే ఇచ్చేశాడు. ఆ ఏడాది అక్టోబరులో చేని బొలీవియాలో చంపేశారు, ఆ ఫొటో పోస్టరై యూరప్ వీధుల్లోకి వచ్చింది. 1968లో జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే ఐర్లండ్ చిత్రకారుడు దాన్ని ఎరుపూ నలుపూ బొమ్మగా మార్చి, ఎవరైనా వాడుకోండి అని వదిలేశాడు. కోర్డా కూడా దశాబ్దాలపాటు ఎవర్నీ పైసా అడగలేదు. 2000లో ఒక వోడ్కా ప్రకటనలో ఆ బొమ్మ కనిపించేసరికి మాత్రం ఒళ్ళు మండింది. చే పేరుతో సారా అమ్మడమేంటని కేసు వేశాడు. కోర్టు బయట రాజీలో 50,000 డాలర్లు వస్తే వాటిని క్యూబాలో పిల్లల మందుల కోసం ఇచ్చేశాడు.

ఇక్కడొక విషయం గమనించండి. టీషర్టుల మీద ఎక్కువగా కనిపించేది కోర్డా తీసిన ఫొటో కాదు, దాన్ని రెండు రంగులకి కుదించిన బొమ్మ. ఇది అభిరుచికి సంబంధించిన సంగతి కాదు, ఫ్రేములకి సంబంధించింది. మన దగ్గర పెళ్ళి కార్డులు, చేతిసంచులు అచ్చేసేవాళ్ళకి స్క్రీన్ ప్రింటింగ్ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ గుడ్డకి ఎమల్షన్ పూస్తారు, దాని మీద బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి వెలుతురు కొడతారు. వెలుతురు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, బొమ్మ నీడ పడ్డ చోట మెత్తగా ఉండి నీళ్ళు కొడితే పోతుంది. అలా ఖాళీ అయిన కన్నాల్లోంచి స్క్వీజీతో, అంటే రబ్బరు పట్టీతో, ఇంకు లాగితే బట్ట మీద బొమ్మ దిగుతుంది. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ రకం ఇంకైతే సుమారు 160 డిగ్రీల వేడి తగలాలి, లేకపోతే నాలుగు ఉతుకులకే పెచ్చులు ఊడిపోతుంది. ఇదంతా ఒక్క రంగుకి. రెండో రంగు కావాలంటే రెండో ఫ్రేము, మూడోది కావాలంటే మూడోది, పైగా అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఒకటి రెండు రంగుల్లో తేలిపోయే బొమ్మ చవక, ఫొటోలాంటి బొమ్మ తలనొప్పి. ఒకసారి ఫ్రేము కట్టాక వంద అచ్చేసినా వెయ్యి అచ్చేసినా ఆ ఖర్చు ఒకటే కాబట్టి, తక్కువ రంగుల్లో గుర్తుపట్టగలిగే బొమ్మలే లక్షల్లో తిరిగాయి. మిగతావి పోస్టర్లలోనే ఉండిపోయాయి.

ప్రపంచంలో అందరూ గుర్తుపట్టే టీషర్టు బొమ్మల్ని గుర్తు చేసుకుంటే ఈ లెక్క తెలుస్తుంది. పసుప్పచ్చ స్మైలీ ఉంది కదా, 1963లో అమెరికాలో వూస్టర్ అనే ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తన ఉద్యోగుల ఉత్సాహం పెంచాలనుకుంటే హార్వీ బాల్ గీసిచ్చాడు, ముట్టింది 45 డాలర్లు. ట్రేడ్‌మార్క్ చేయించుకోలేదు. తర్వాత 1970ల్లో ఫ్రాన్సులో వేరే అతను స్మైలీ గుర్తుని తన పేర రిజిస్టర్ చేయించుకుని పెద్ద వ్యాపారమే కట్టాడు. న్యూయార్క్ పేరు పక్కన ఎర్ర గుండె ఉండే బొమ్మని మిల్టన్ గ్లేజర్ టాక్సీలో కూర్చుని ఒక కవరు మీద ఎర్ర క్రేయాన్‌తో గీశాడు, 1977 నాటి పర్యాటక ప్రచారం కోసం, ఫీజు తీసుకోకుండా. హక్కులు న్యూయార్క్ రాష్ట్రానివి, ఆదాయం దానిదే. ఆ కవరు ఇప్పుడు అక్కడి ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

రోలింగ్ స్టోన్స్ బ్యాండు నాలుక గుర్తు కథ మనవాళ్ళకి ఇంకాస్త దగ్గరిది. 1970లో జాన్ పాష్ అనే లండన్ ఆర్ట్ కాలేజీ విద్యార్థిని పిలిచి బ్యాండు గాయకుడు మిక్ జాగర్ చూపించింది కాళికాదేవి పటాన్ని. బయటికి చాచిన ఆ నాలుకలోంచే ఎర్ర పెదాలు, నాలుక ఉన్న గుర్తు పుట్టింది. పాష్‌కి ఇచ్చింది 50 పౌండ్లు, తర్వాత ఇంకొంచెం ముట్టింది. 2008లో ఆ అసలు బొమ్మని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాదాపు 50,000 పౌండ్లకి కొనుక్కుంది. అమ్మవారి పటం గీసిన చిత్రకారుడికి ఏమిచ్చారని ఎవరూ అడగలేదు, అడిగే అలవాటు మనకీ లేదు, క్యాలెండర్ ఆర్టిస్టుల పేర్లు మనింట్లోనే ఎవరికి గుర్తున్నాయి?

నల్ల టీషర్టు మీద తెల్ల గీతలతో కొండల వరసలా కనిపించే బొమ్మ ఇంకొకటుంది, బెంజ్ సర్కిల్ దగ్గర మాల్‌లోనూ కనిపిస్తుంది. అది కొండలు కాదు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొట్టమొదటి పల్సార్ (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం) రేడియో సంకేతం. ఆ నక్షత్రం 1.337 సెకన్లకి ఒకసారి తిరుగుతుంది, తిరిగినప్పుడల్లా ఒక తరంగం మనవైపు వస్తుంది, ఒక్కో గీత ఒక్కో చుట్టు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో హెరాల్డ్ క్రాఫ్ట్ తన పీహెచ్‌డీ కోసం 1970లో కంప్యూటర్‌తో గీయించిన గ్రాఫ్ అది. ఒక ఖగోళ విజ్ఞాన పుస్తకంలోంచి దాన్ని తీసుకుని 1979లో జాయ్ డివిజన్ అనే బ్యాండు ఆల్బమ్ అట్ట మీద వేశారు. తన గ్రాఫ్ అక్కడ ఉందన్న సంగతి క్రాఫ్ట్‌కి చాలాకాలం తర్వాత తెలిసింది. కనిపెట్టిన బెల్‌కి నోబెల్ రాలేదు, 1974లో ఆవిడ గైడుకి వచ్చింది. ఒక్క టీషర్టు వెనక ఇద్దరు శాస్త్రవేత్తల కథ, వేసుకున్నవాళ్ళలో చాలామంది ఆ బ్యాండు పాట ఒక్కటీ విని ఉండరు.

స్క్రీన్ ప్రింటింగ్ తీరు వల్ల జరిగే ఒక తమాషా కూడా చెప్పాలి. ఫ్రేములు కట్టి వేలల్లో అచ్చేయడానికి టైం పడుతుంది, అభిమానులేమో మ్యాచ్ అయిన నిమిషంలో కొనాలంటారు. అందుకని అమెరికాలో సూపర్ బౌల్ అనే వాళ్ళ ఫుట్‌బాల్ ఫైనల్‌కి ముందే రెండు జట్లకీ ఛాంపియన్ టీషర్టులు అచ్చేసి ఉంచుతారు. ఓడిన జట్టు విజేత అని రాసున్న కట్టలన్నీ ఆ దేశంలో బయటికి రానివ్వరు, సేవా సంస్థల ద్వారా వేరే దేశాల్లోని పేదలకి పంపుతారు. జరగని గెలుపుని ఒంటి మీద వేసుకుని ఎక్కడో ఎవరో పొలం పనికి వెళ్తుంటారన్నమాట.

నాసా టీషర్టు ఎందుకంత మంది ఒంటి మీద ఉందో కూడా యాజమాన్యంతోనే తేలుతుంది. ఆ సంస్థ గుర్తు వాడుకోవడానికి ముందుగా అనుమతి అడగాలి, కానీ నాసా లైసెన్సు ఫీజు తీసుకోదు. ఉచితంగా దొరికే ప్రపంచ ప్రసిద్ధ గుర్తుని ఏ బట్టల కంపెనీ వదులుకుంటుంది? దీనికి సరిగ్గా ఎదురు కథ కాల్విన్, హాబ్స్ అనే కామిక్‌ది. 1985 నుంచి 1995 వరకు గీసిన బిల్ వాటర్సన్ తన బొమ్మల్ని సరుకు మీద వేసి అమ్మడానికి ఒప్పుకోలేదు, ఆ కామిక్‌ని పత్రికలకి అందించే సిండికేట్‌తో ఏళ్ళ తరబడి పోట్లాడి మరీ ఆపాడు. ఒకటీ అరా అరుదైన మినహాయింపులు తీసేస్తే, ఆ పిల్లాడూ పులీ ఉన్న టీషర్టు మీకు ఎక్కడ కనిపించినా అది అనుమతి లేనిదే.

ఇంతవరకు చెప్పింది ఫ్రేముల కాలం. ఈమధ్య డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) అనే ప్రింటింగ్ వచ్చి ఆ లెక్కంతా మార్చేసింది. ఇందులో ప్లాస్టిక్ ఫిల్మ్ మీద రంగులు, వాటి వెనక తెల్ల ఇంకు అచ్చవుతాయి. దాని మీద జిగురు పొడి చల్లి వేడి చేసి, హీట్ ప్రెస్ కింద బట్టకి అతికిస్తారు. కాటన్ అయినా పాలిస్టర్ అయినా, తెలుపైనా నలుపైనా పర్వాలేదు. అంతకుముందే ఉన్న సబ్లిమేషన్, అంటే వేడితో రంగుని బట్టలోకి ఎక్కించే పద్ధతి, పాలిస్టర్ మీద, అదీ లేత రంగుల మీదే పట్టేది. అందుకే పరుగు పందేలకి ఊరికే ఇచ్చే టీషర్టులు చెమట పీల్చని పాలిస్టర్‌వి అయ్యుంటాయి. డీటీఎఫ్‌లో రంగులెన్నైనా ధర మారదు, మినిమమ్ ఆర్డర్ లేదు, ఒక్కటంటే ఒక్కటైనా వేస్తారు. గుంటూరు అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో ఒక గదిలో మెషీన్ పెట్టుకుంటే చాలు.

ఒక్కటైనా వేస్తారు అన్న మాటతోనే దొంగిలించే సరుకు కూడా మారింది. ఫ్రేముల కాలంలో గుర్తులు పోయేవి, ఇప్పుడు ముఖాలూ ఫొటోలూ పెయింటింగులూ పోతున్నాయి. ఇన్‌స్టాలో ఒకమ్మాయి రాత్రంతా కూర్చుని గీసిన బొమ్మ తెల్లారేసరికి ఎవరో అమ్మే టీషర్టు మీద ఉంటుంది. చాలాసార్లు ఆ ఎవరో మనిషి కూడా కాదు. ట్విట్టర్‌లో ఏదైనా బొమ్మ కింద ఇది టీషర్టు మీద కావాలి అని ఎవరన్నా రాస్తే చాలు, బాట్లు, అంటే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు, ఆ బొమ్మని ఎత్తుకెళ్ళి అమ్మకానికి పెట్టేసేవి. 2019 డిసెంబరులో చిత్రకారులు వాటిని వాటి పద్ధతిలోనే పట్టుకున్నారు. మిక్కీ మౌస్ బొమ్మ గీసి, ఈ సైటు దొంగ బొమ్మలు అమ్ముతుంది అని దాని మీదే రాసి, కింద అందరూ కలిసి టీషర్టు కావాలి, టీషర్టు కావాలి అని గోల పెట్టారు. బాట్లు అమాయకంగా దాన్నీ అమ్మకానికి పెట్టాయి, డిస్నీ లాయర్లు చూస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

అంతకంటే ఘోరం 2013లో జరిగింది. బ్రిటన్ ప్రభుత్వం 1939లో యుద్ధకాలం కోసం కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్ అనే పోస్టర్లు దాదాపు 24.5 లక్షలు అచ్చేసి, జనంలోకి పెద్దగా వదలకుండానే ఊరుకుంది. 2000లో ఒక పాత పుస్తకాల దుకాణం వాళ్ళకి ఒకటి దొరికి మళ్ళీ ప్రాణం పోసుకుంది. కాపీరైట్ కాలం తీరిపోయింది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, వాడుకున్నారు కూడా. అందులో ఒక కంపెనీ డిక్షనరీలోని క్రియాపదాల్ని ప్రోగ్రామ్‌తో ఆ వాక్యంలో ఇరికించి వేల కొద్దీ డిజైన్లు అమెజాన్‌లో పెట్టింది. వాటిలో ఆడవాళ్ళ మీద అత్యాచారాన్ని ప్రోత్సహించే వాక్యాలు కూడా తయారయ్యాయి, ముందు ఎవరూ చదవలేదు. పెద్ద గొడవయ్యాక క్షమాపణ చెప్పారు. ఆ టీషర్టులు అసలు అచ్చే కాలేదు, ఆర్డర్ వస్తే అప్పుడు అచ్చేద్దామని పెట్టిన జాబితాలు మాత్రమే.

సరే, మన చట్టం ఏమంటుంది? చిక్కంతా ఎక్కడంటే, టీషర్టు మీద ఒకే బొమ్మకి మూడు నాలుగు వేరు వేరు హక్కులు అంటుకుని ఉంటాయి, మనం అన్నిటినీ కలిపి కాపీరైట్ అనేస్తాం. గీసినవాడి హక్కు కాపీరైట్. 1957 చట్టం ప్రకారం అది చిత్రకారుడి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. బాపు 2014లో పోయారు కాబట్టి ఆయన బొమ్మ 2074 చివరిదాకా అందరి సొత్తు కాదు. బాపు బొమ్మలు మనందరివీ అని సభల్లో చెప్పుకోవడం బాగానే ఉంటుంది గానీ టీషర్టు వేసి అమ్మాలంటే హక్కులున్నవాళ్ళ అనుమతి కావాలి. వ్యాపార గుర్తుది ట్రేడ్‌మార్క్, బట్టలకి అది 25వ తరగతిలో నమోదవుతుంది. చిన్న చిన్న మాటలకీ పేర్లకీ సాధారణంగా కాపీరైట్ రాదు, అందుకే రెండు ముక్కల పంచ్ డైలాగు మీద ఆ పేరుతో గెలవడం కష్టం, ట్రేడ్‌మార్క్ దారిలో రావచ్చు.

ముఖం సంగతి వేరు. మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు, కోర్టులే కేసు కేసుకీ కట్టుకుంటూ వస్తున్నాయి. 2023లో అనిల్ కపూర్ పేరు, గొంతు, ముఖం, ఆఖరికి ఆయన మార్కు మాట ఝకాస్‌ని కూడా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడొద్దని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. 2025లో నాగార్జున కూడా అదే కోర్టు నుంచి అలాంటి రక్షణ తెచ్చుకున్నారు. అలాగని గాంధీనగర్ థియేటర్ల దగ్గర బెనిఫిట్ షోకి హీరో బొమ్మ టీషర్టులు వేసుకొచ్చే ఫ్యాన్స్‌ని ఎవరూ పట్టుకోరు. వాళ్ళు డబ్బులు పోగేసి వేయించుకుని తమవాళ్ళకే పంచుకుంటారు, ఏ హీరో అయినా అది చూసి సంతోషిస్తాడు. అదే బొమ్మని ఆన్‌లైన్‌లో పెట్టి అమ్మితే అభిమానం కాదు, వ్యాపారం. వ్యంగ్యానికీ పేరడీకీ చోటుండాలని కూడా ఢిల్లీ హైకోర్టు 2023లోనే వేరే కేసులో అంది, ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఇంకా తేలుతూనే ఉంది.

నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది కాపీరైట్ చట్టంలో 15వ సెక్షన్. డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకునే వీలున్న డిజైన్‌ని నమోదు చేసుకోకుండా, పరిశ్రమ పద్ధతిలో 50 సార్లు మించి వస్తువుల మీద వేస్తే ఆ డిజైన్‌కి కాపీరైట్ పోతుంది. నమోదు చేసుకుంటే రక్షణ మొదట 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5. అంటే బట్ట కోసమే డిజైన్ తయారు చేసే కుర్రాడు 51వ టీషర్టు దగ్గర చిక్కులో పడొచ్చు. విడిగా పెయింటింగ్‌గా పుట్టిన బొమ్మకి ఆ బాధ లేదు. మరి ఏది కళ, ఏది డిజైన్? 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీనికి రెండంచెల పరీక్ష చెప్పింది. ఇది అచ్చంగా కళాకృతేనా, లేక దాన్ని సరుకు తయారీకి వాడగా వచ్చిన డిజైనా అని మొదట చూడాలి, అక్కడ తేలకపోతే దాని ప్రధాన ప్రయోజనం ఏమిటో చూడాలి. ఆ కేసు వచ్చింది గ్యాస్ మోసుకెళ్ళే ట్రక్కు ట్రెయిలర్ల డ్రాయింగుల మీద, టీషర్టు వాళ్ళకి పనికొచ్చే తీర్పులు ఇలా ఎక్కడెక్కడినుంచో వస్తుంటాయి.

ఒక్కరి సొత్తు కాని బొమ్మలూ ఉన్నాయి. పెడనలో, బందరులో చెక్క అచ్చులతో వేసే కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు అక్కడ ఆ పద్ధతిలో చేసినవాళ్ళది. కంప్యూటర్‌లో స్కాన్ చేసి డీటీఎఫ్ కొట్టి కలంకారీ టీషర్టు అని అమ్మితే పొట్ట కొట్టేది వాళ్ళనే. ఇక జెండా. పింగళి వెంకయ్య తన జెండాని గాంధీకి చూపించింది 1921లో, ఈ బెజవాడలోనే. ఆయనా పేదరికంలోనే 1963లో పోయారు, ఆ సంగతి పైన చెప్పిన గీతకారుల వరసలోనే కలుపుకోండి. ఆగస్టు 15కి జెండా టీషర్టులు వేయించేవాళ్ళకి తెలియాల్సింది ఏంటంటే, జాతీయ చిహ్నాల్ని అవమానించకూడదనే 1971 చట్టం ప్రకారం జాతీయ జెండాని బట్టల మీద ముద్రించకూడదు, దాని మీద అక్షరాలు రాయకూడదు, నడుం కిందికి వేసుకోకూడదు. మూడు రంగుల్ని సూచనగా వాడటం వేరు, చక్రంతో సహా జెండాని వీపు మీద అచ్చేసి కింద కాలేజీ పేరు రాయడం వేరు.

కాలేజీ అన్నాను కాబట్టి చివరిగా తెలుగు అక్షరాల సంగతి. విజయవాడ, గుంటూరు మధ్య ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫెస్ట్ వచ్చిందంటే బ్యాచ్ టీషర్టులు ఉంటాయి, ఈమధ్య వాటి మీద తెలుగులో రాయడం మోజు, మంచిదే. కానీ సగం వాటిలో వత్తులు ఊడిపోయి పక్కన పడుంటాయి. కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. వాట్సాప్‌లో మనం పంపేది యూనికోడ్ తెలుగు, డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా నడిచేది ‘అను’ అనే పేరుతో ఉన్న, యూనికోడ్ కాని పాత తరహా ఫాంట్లు. ఒకదానిలోది ఇంకోదానిలో అతికిస్తే అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టెక్స్ట్ సెట్టింగ్‌లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోకపోతే క్ష కాస్తా విడిపోయి క పక్కన ష అయి కూర్చుంటుంది. అందుకే డిజైనర్‌కి వాక్యం మాత్రమే పంపి ఊరుకోకుండా, మీ ఫోన్‌లో సరిగ్గా కనిపిస్తున్న స్క్రీన్‌షాట్ కూడా పంపండి, అచ్చుకి ముందు అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలోకి, మార్పించండి, ప్రూఫ్ చూడకుండా ఓకే చెప్పకండి. ఫాంటు కోసం దొంగ కాపీలు వెతుక్కోవాల్సిన అవసరమూ లేదు. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన ధూర్జటి, పెద్దన, తిమ్మన, గిడుగు, గురజాడ, మల్లన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటి లైసెన్సు ప్రకారం ఆ అక్షరాలతో టీషర్టులు అచ్చేసి లాభానికి అమ్ముకున్నా ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరికీ కట్టక్కర్లేదు. ఆ ఫాంటు ఫైలునే విడిగా అమ్మకూడదు, అంతే.